ఆసుపత్రి వాళ్ల మూడు చుక్కలు

ఆయతి చేతిలో మూడు సూదులుంటాయి. మూడింటినీ దారంతో కలిపి కట్టి ఉంచుతుంది. కొంట సంతలో బట్టల డేరా పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. ముందు కొబ్బరిచిప్పలో ఆముదం దీపపు మసి. వచ్చిన పిల్ల చెయ్యి ఒళ్లోకి తీసుకుని, బొటనవేలితో చర్మం సాగదీసి, "కదిలినవనుకో, నెమలి కాకి అయితది" అంటుంది. పిల్ల ఇక కదలదు.

ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఇటు చింతలనార్ దాకా, శబరి నది దాటితే అటు ఆంధ్రా ఊళ్ల దాకా, ఆమె పొడిచిన పచ్చబొట్లు మనుషులతో పాటు తిరుగుతున్నాయి. ఈమధ్య సంతకు బ్యాటరీ మిషన్లు వచ్చాయి. తేళ్లు వేస్తారు, పేర్లు రాస్తారు. ఆయతి పోటీకి పోలేదు. మిషన్ అతను ఒకరి మెడ మీద వేసిన తేలును దగ్గరగా చూసి, "రొయ్య మంచిగున్నది" అన్నది. అంతే.

తోటికోడలు ముయె పక్కనే కూర్చుంటుంది. మసి నూరడం, దూది అందించడం, ఏడ్చే పిల్లలకు బెల్లంముక్క పెట్టడం ముయె పని. సూది మాత్రం ఆమెకు దక్కదు. "నీ చెయ్యి బస్సెక్కినట్టు ఊగుతది" అంటుంది ఆయతి. ముయెకు ఆ సూది మీద ఇరవై ఏళ్ల ఆశ.

వాళ్ల జనంలో ఒక నమ్మకం ఉంది. కడియాలూ ముక్కెరలూ కాటిలో ఊడదీసుకుంటారు. పచ్చబొట్టును ఎవరూ ఊడదీయలేరు. పైకి పోయేటప్పుడు మనిషితో పోయే నగ అదొక్కటే. ఆయతికి సూది పట్టడం నేర్పింది అత్త. అత్త పైకి పోయి పదేళ్లయింది. అక్కడ కూర్చుని, వచ్చేవాళ్ల చేతులు తిప్పి చూస్తూ, ఇది నా కోడలి పని, ఇది కాదు అని చెబుతూ ఉంటుందని ఆయతి నమ్మకం.

ఆయతి వేళ్లకు చర్మం సంగతి తెలుసు. ఎక్కడ పలచన, ఎక్కడ మొండి, ఎక్కడ మసి నిలుస్తుంది, ఎక్కడ పాకుతుంది అన్నీ తెలుసు. పోయిన ఏడు ఒక ఉదయం నీళ్లు పోసుకుంటుంటే ఎడమ రొమ్ము పక్కన ఆమె వేలు ఆగింది. చర్మం లోపలికి లాక్కుపోయి ఉంది. లోపలి నుంచి ఎవరో ఒక కుట్టు వేసి దారం లాగినట్టు. కింద చింతగింజంత గట్టిదనం. ఇంకొకరి ఒంటి మీదయితే "ఇక్కడ పొడవను, ముందు డాక్టరుకు చూపించుకో" అని పంపేది. తన ఒంటికి ఆ మాట చెప్పుకోవడానికి నెల పట్టింది. అది కూడా ముయె అడిగితేనే.

"ఏందక్కా, నెల నుంచి ఒక్క పక్కనే సబ్బు రుద్దుకుంటున్నవ్? రెండోది అలిగిందా?"

అప్పుడు చూపించింది. ముయె నవ్వు ఆపి, సంచీ సర్దింది.

కొంట నుంచి భద్రాచలం, అక్కడి నుంచి విశాఖ. అక్కడి ఆసుపత్రిలో డాక్టర్ ఉదయశ్రీ కాగితాలన్నీ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, రొమ్ము తీసేయాలమ్మా అని మెల్లగా చెప్పింది. ఆయతి కొంగు సర్దుకుంది.

"ముగ్గురికి పాలిచ్చింది. చాలా చేసింది పాపం. పింఛన్ ఇచ్చి పంపుండ్రి" అన్నది.

ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చినప్పుడు మొగుడు హుంగా కట్టు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "నొచ్చిందా?" అన్నాడు. "నొచ్చింది" అన్నది. హుంగా ఆ రోజంతా ఆమెను ఏ బరువూ ఎత్తనివ్వలేదు. చివరికి చెంబు కూడా.

మూడు వారాలకొకసారి మందు ఎక్కించారు, ఆరు సార్లు. రెండోసారికి జుట్టు దువ్వెనకు రావడం మొదలుపెట్టింది, మూడోసారికి దువ్వెనకు పనే లేదు. "సంతల ఎండకు కాలుతున్నది" అని ఆయతి తలకు తువ్వాలు చుట్టింది. "మంచిగున్నవక్కా, సర్పంచ్ లెక్క" అన్నది ముయె. వాంతులైన రోజుల్లో మాత్రం ముయె నుదురు పట్టుకునేది. ఆయతి పట్టుకోనిచ్చేది.

ఇక మిగిలింది కరెంటు పెట్టడం, డాక్టర్ల మాటలో రేడియేషన్. పదిహేను రోజులు, రోజుకు కాసేపు.

దానికి ముందు ఒకరోజు స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టారు. బిగుసుకుపోయిన ఎడమ చెయ్యి తల పైకి ఎత్తించారు. లాస్య అనే అమ్మాయి, మిషన్ నడిపేది, సూదీ సిరా తెచ్చింది.

"కదలకండమ్మా. మూడు చుక్కలు పెడతాను."

ఆయతికి నవ్వొచ్చింది. ఈ మాట అనడమే గానీ వినడం ఆమెకు కొత్త. ఛాతీ నడుమ ఒకటి, పక్కటెముకల మీద అటొకటి, ఇటొకటి. చిటికెలో అయిపోయింది. ఆయతి తల ఎత్తి చూసింది.

"ఇదేనా? ఇంత పెద్ద చదువు చదివి ఇట్లనా పొడిచేది?"

"అందానికి కాదమ్మా ఇవి. రోజూ మిషన్ వెలుగు సరిగ్గా ఈ మూడింటి మీదే పడాలి. వీటిని చూసే మేం కరెంటు పెడతాం. ఎడమ పక్క కదా, కిందే గుండె ఉంటుంది. తప్పితే కష్టం. వీటిని చెరపకండి."

"పచ్చబొట్టు చెరుగుతదా తల్లీ? ఎవరికి చెప్తున్నవ్!"

కరెంటు లెక్కలు తయారు కావడానికి తొమ్మిది రోజులు పడతాయి, సోమవారం రమ్మని చెప్పింది డాక్టరమ్మ. "మందు ఆపి ఇప్పటికే ఆరు వారాలు. ఇంక ఒక్క రోజు కూడా పోగొట్టద్దు. జబ్బు మన కోసం ఆగదు" అని కూడా చెప్పింది. ఆయతి ఆ మాటను బాగా పట్టుకుంది. సోమవారం మరిచిపోకుండా ముయె కొంగుకు ముడి వేయించింది.

మధ్యలో సంత వచ్చింది. ఇంట్లో కూర్చోలేక ఆయతి పోయింది. చీర జరిగినప్పుడు ఛాతీ నడుమ చుక్క కనిపించింది.

"అక్కా, గిది ఎవరు పెట్టిన్రు?" అని ఒకామె.

"విశాఖల పెట్టిన్రు."

"అంత దూరం పోయి దీన్ని పెట్టించుకొచ్చినవా? నువ్వు?"

ఇంకొకామె వంగి చూసి నాలుక చప్పరించింది. అటు నుంచి మిషన్ అతను కూడా వచ్చి చూశాడు. రొయ్య మాట అతను మరిచిపోలేదు. "పిన్నీ, ఇది చుక్కనా, దోమ కుట్టిందా?" అన్నాడు.

ఆయతి ఆ రోజు తొందరగా పట్టా ఎత్తింది. ఇంటికి రాగానే అద్దం తీసి చుక్కను చూసుకుంది. లేతగా ఉంది. నడుమకు కాస్త పక్కకు ఉంది. ఒంటరిగా, ఎవరో పని మధ్యలో లేచిపోయినట్టు ఉంది.

"ముయే. నేను రేపో మాపో పోతే..."

"ఎందుకు పోతవ్?"

"పోతే అంటున్న. అత్త ముందు ఈ మూడు పెట్టుకుని నిలబడాల్నా? నేను నేర్పింది గిందుకేనా అని అడగదా?"

"అడుగుతది" అన్నది ముయె. అత్త సంగతి ఆమెకూ తెలుసు.

"చెరపొద్దన్నరు. చెరపను. పక్కన పెట్టొద్దని అనలే."

నడుమ దాన్ని ఆయతి అద్దంలో చూసుకుంటూ తానే సరిచేసింది. దాని వరసలో ఇంకో నాలుగు చుక్కలు పెట్టింది. ఐదూ ముత్యాల్లా నిలబడ్డాయి. పాపం ఆసుపత్రి చుక్క వెలవెలబోతోందని దాని మీద కూడా మసితో ఒకసారి పొడిచింది. ఇప్పుడు ఐదింటిలో ఏది ఎవరిదో చెప్పలేరు. కానీ పక్కటెముకల దగ్గరికి చెయ్యి తిరగలేదు. ఎడమ చెయ్యి బిగుసు, కంటికి ఆనదు.

సూదులు ముయె వైపు చాపింది. ముయె రెండు చేతులూ కొంగుకు తుడుచుకుని తీసుకుంది.

"అటు మూడు, ఇటు మూడు. వరసగా. ఉన్నదాన్ని కూడా ముదురు చెయ్యి. ఊగకు."

"ఊగనక్కా."

కుడి పక్క నొప్పి తెలిసింది. ఎడమ పక్క ఆపరేషన్ అయినప్పటి నుంచి మొద్దుబారి ఉంది, సూది దిగినా ఏమీ తెలియలేదు. "అయిందా?" అని అడిగితే "మస్తు కుదిరినయ్" అన్నది ముయె. ఆయతి నమ్మింది.

సోమవారం లాస్య గౌను తెరిచి చూసి, మళ్లీ చూసింది. తర్వాత వేలితో లెక్కపెట్టింది. పదమూడు.

"అమ్మా... ఏం చేశారు?"

"సాపు చేసినం" అన్నది ఆయతి.

లాస్య పరుగున పోయి ఉదయశ్రీని తీసుకొచ్చింది. డాక్టరమ్మ వాపుందేమో నొక్కి చూసింది. లేదు. అప్పుడు అన్నది.

"ఎడమ పక్క ఇంకెప్పుడూ సూది తగలకూడదమ్మా. ఇంజెక్షన్ కూడా వద్దని చెప్పాం కదా. సరే, ఇప్పుడు సంగతి ఇది. మా మూడు ఏవో మాకు తెలియాలి. మీరు చూపించండి. చూపించిన వాటిని పెట్టుకుని రేపు స్కానింగ్ చేస్తాం. పాత దానితో సరిపోతే రేపే మొదలు. సరిపోకపోతే అంతా మొదటి నుంచి, ఇంకో రెండు వారాలు."

"రెండు వారాలా?"

"మీకు అంత సమయం ఇవ్వడం నాకు ఇష్టం లేదు."

ఆయతి సరదా అక్కడ ఆగిపోయింది. నడుమ ఐదింటిలో తన వాటిని తాను మరిచిపోదు. "కుడి నుంచి రెండోది మీది. మిగతాయి సమానంగున్నయి చూడు" అన్నది, అప్పుడు కూడా ఊరుకోలేక. పక్కటెముకలవి తనకు తెలియవు. తెలిసిన మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

ముయెను పిలిచారు. కుడి పక్క నాలుగింటిలో ఒకదాన్ని ముయె వెంటనే చూపించింది. ఎడమ వైపుకు వచ్చాక తడబడింది. అక్కడ నాలుగు చుక్కలు వరసగా లేవు. మూడు ఒక దారిన పోతుంటే ఒకటి ఎటో జారిపోయి ఉంది. తప్పిపోయిన మేకలా.

"ఇది" అన్నది ముయె, ఆ జారిపోయిన దాన్ని చూపించి. "ఈ వంకరది మీది."

లాస్య పెన్ను తీసింది. ఆయతి చూపు ముయె చూపుడు వేలి మీద నిలిచింది. ఆ వేలు బస్సెక్కినట్టు ఊగుతోంది.

"ముయే."

"ఏందక్కా."

"నిజం చెప్పు. వంకరగ ఎవరు పెట్టిన్రు?"

"వాళ్లే. నేనెందుకు వంకర పెడత? మస్తు కుదిరినయ్ అని చెప్పిన గద."

లాస్య పెన్ను గాలిలో ఆగింది. డాక్టరమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. ఆయతి బల్ల మీద లేచి కూర్చుంది. గౌను దగ్గరికి లాక్కుంది.

"ఇటు చూడు. నీ చెయ్యి సంగతి కొంటల కుక్కలకు కూడా ఎరుకనే. వంకర పెట్టినవని నేను తిట్టను. అత్త కూడా తిట్టదు, నేను చెప్పుకుంట. కానీ ఇయ్యాల తప్పు చూపిస్తివనుకో, రెండు వారాలు పోతయి. ఆ రెండు వారాలల్ల ఏమైతదో నాకు తెల్వదు, ఈ డాక్టరమ్మకు తెల్వదు."

ముయె ముక్కు తుడుచుకుంది. చూపుడు వేలు మళ్లీ చాపింది. ఈసారి కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చాపింది.

"ఇది వాళ్లది. పై నుంచి రెండోది. వంకరది నాదే. సూది దింపంగనే తుమ్మొచ్చింది."

"తుమ్మినవా?"

"చిన్నదే."

లాస్యకు నవ్వు ఆగలేదు. తల తిప్పుకుని నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు గానీ, ముయె భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు స్కానింగ్ అయింది. లోపలి గదిలో వాళ్లు పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టి చూస్తున్నంత సేపూ ఆయతి బల్ల మీద చెయ్యి పైకెత్తి పడుకునే ఉంది. చెయ్యి లాగుతోంది. దింపితే ఏమవుతుందో తెలియక దింపలేదు. చివరికి లాస్య తలుపు తోసుకుని వచ్చింది.

"మూడూ సరిపోయాయి. మధ్యాహ్నం మొదలు."

మధ్యాహ్నం మూడు చుక్కల చుట్టూ ఊదారంగు పెన్నుతో సున్నాలు చుట్టింది. కాగితం మీద పదమూడూ గీసుకుని, పదింటికి అడ్డగీతలు కొట్టింది. నాలుగు ముత్యాలకు కూడా. ఆయతి చూస్తూ ఊరుకుంది. లాస్య బయటికి పోయి బరువైన తలుపు వేసింది. సన్నటి ఎర్ర వెలుగు గీత ఒకటి వచ్చి, నడుమ ఉన్న ఆసుపత్రి చుక్క మీద నిలబడింది. మిషన్ ఒకసారి రొద చేసింది, ఆగింది, ఇంకో పక్క నుంచి మళ్లీ చేసింది. ఏమీ తెలియలేదు. వేడి లేదు, నొప్పి లేదు.

బయట ముయె బెంచీ మీద లేదు. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు.

"సరిగ్గనే పడ్డదా?"

"పడ్డది."

"వంకరదాని మీద పడలే గద?"

"పడలే."

ముయె అప్పుడు కూర్చుంది. ఆయతి ఆమె పక్కన కూర్చుని, తువ్వాలు విప్పి, తల తడుముకుంది. రెండు మూడు వెంట్రుకలు వేలికి తగిలాయి. ఉన్నాయో లేవోనని మళ్లీ తడిమింది. ఉన్నాయి.

"లే, ఇడ్లీ తిందాం" అన్నది. "రేపు మళ్లా రావాలె."