ఎడమ పక్క రంగు

మా బాపు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. అన్నేళ్ల సర్వీసులో ఒక్క యాక్సిడెంటు కూడా చేయలేదన్నదే ఆయన చెప్పుకునే గొప్ప. రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. బూడిద రంగులో వెండి మెరుపు కలిసిన కారు. మడికొండలోని మా ఇంటి నుంచి కూరగాయలకూ, చుట్టాల ఇళ్లకూ అమ్మను అందులోనే తిప్పేవాడు.

ఒకరోజు ఇంట్లోకి వస్తూ గేటు పిల్లర్‌కు గుద్దాడు. ముందు బంపర్ ఎడమ వైపు చీలింది. ఎవరం ఏమీ అనలేదు గాని ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "ఇరుకు గల్లీలల్ల బస్సు తిప్పినోన్ని, ఇంటి గేట్ల కారు పెట్టలేకపోయిన" అని అమ్మతో అన్నాడట. ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

కంపెనీ బంపర్ రావడానికి నెల పడుతుందన్నారు. బయట తయారైనది ఒకటి దొరికింది. రంగు లేకుండా నల్లగా ఉంది. దాన్ని కారులో వేసుకుని, ములుగు రోడ్డు పక్కన షెడ్డులో కార్లకు రంగులు వేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. నడివయసు మనిషి, తక్కువ మాటలు. కారు మీద రాసి ఉన్న రంగు నంబరు చెప్పబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"నంబర్ తోటి కాదు తమ్మీ. నీ బండి ఎండల ఉండి ఉండి జర తెల్లవడ్డది. నంబర్ చూసి కలిపితే గీ బంపరొక్కటే కొత్త పెండ్లికొడుకు లెక్క కనవడ్తది."

పెట్రోలు మూత ఊడదీసి, దాన్ని పక్కన పెట్టుకుని రంగు కలిపాడు. చిన్న రేకు ముక్క మీద కొట్టి, ఆరాక ఎండలో మూతకు ఆనించి చూశాడు. నాలుగోసారికి గాని ఆయనకు తృప్తి కలగలేదు. మూడు రోజుల తర్వాత చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలియలేదు. బాపు బంపర్ మీద అరచెయ్యి ఆనించి నవ్వాడు. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది.

రెండు నెలలు తిరగకముందే అమ్మ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఎడమ దిక్కు అద్దం డొప్ప పలిగింది రా. మీ బాపుకు తెల్వది. ఆ దిక్కు గోడకు ఆనిచ్చి పెడ్తడు గదా."

నిజమే. దిగేది కుడి వైపు నుంచి. ఆ పక్కకు వెళ్లి చూసే పని ఆయనకు పడదు. సర్వీసింగ్ అని చెప్పి కారు తీసుకెళ్లాను. అద్దం వెనక ఉండే ఆ డొప్పను కొత్తది కొని, రంగు వేయించి తెచ్చాను. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే పక్క ముందు చక్రం పైనున్న రేకు నొక్కుకుపోయింది. మళ్లీ సర్వీసింగ్ అన్నాను.

ఈసారి రంగులాయన వెంటనే పనిలోకి దిగలేదు.

"బండి ఎవరు నడుపుతాండ్లు తమ్మీ?"

"మా బాపు."

"ఏమనుకోకు. మూడుసార్లు తెచ్చినవ్. మూడుసార్లూ ఎడమ దిక్కే. పెద్దమనిషికి కండ్లు చూపిచ్చినవా?"

ఆ అనుమానం నాకు కొత్త కాదు. ఎడమ వైపు పెట్టిన చాయ్ గ్లాసు ఆయన చెయ్యి తగిలి ఒలకడం చూశాను. నడుస్తూ నడుస్తూ తలుపు చెక్కకు భుజం కొట్టుకోవడం చూశాను. అయినా "నువ్వు రంగు సంగతి చూడన్నా" అన్నాను. ఆయన వెళ్లి పెట్రోలు మూత ఊడదీశాడు. రంగు ఎప్పటిలాగే కలిపాడు.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం బాపు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది వేరే మనిషి.

"మీ బాపు ఒకామెను గుద్ది ఆపకుంట పోతాంటె పట్టుకున్నం. జల్ది రా."

చేను నుంచి వస్తూ రోడ్డు అంచున నడుస్తున్న కూలి మనిషి ఆమె. కారు అద్దం తగిలి పక్కన గుంతలో పడిపోయింది. బండి మీద వెళ్తున్న ఇద్దరు వెంటపడి కారు ఆపించారు. నేను వెళ్లేసరికి బాపు గుంపు మధ్యలో నిలబడి ఒకటే మాట అంటున్నాడు. "నేను చూడలే బిడ్డా. ఒట్టు, నాకు ఆమె కనవడలే." ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. కానీ ఆ మాట పదిమందిలో అనడానికి నాకు నోరు రాలేదు.

ఆమెను దవాఖానకు తీసుకెళ్లాం. మణికట్టు విరిగిందని కట్టు కట్టారు. మర్నాడు బాపును కంటి డాక్టరుకు చూపించాను. ఎడమ కంటి నరం చాలావరకు పాడైందనీ, నొప్పి లేకుండా మెల్లమెల్లగా పోతుంది కాబట్టి మనిషికి తెలియదనీ చెప్పాడు. కుడి కన్నయినా నిలబడాలంటే రోజూ చుక్కల మందు వేయాలన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక చెప్పాను. "అద్దం ఇంతకుముందు గూడ పలిగింది బాపూ. రేకు గూడ నొక్కుకపోయింది. నేనే రంగేయించిన."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అడిగాడు.

"నాకెందుకు చూపియ్యలే రా?"

"బాధపడ్తవని."

"బాధపడేటోన్ని. బండి ఆపేటోన్ని గూడ. బస్సుకు చిన్న గీత వడ్డా ఎట్ల వడ్డదో తెలిసేదాంక నిద్రపోనోన్ని. నువ్వు ఆ గీతనే లేకుంట జేస్తివి."

కారు అమ్మేశాం. ఆమె చేతి కట్టు విప్పేదాకా బాపు ప్రతి వారం బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లేవాణ్ని. మొదటిసారి ఆమె అత్త మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి తిట్టింది. నాలుగోసారికి ఆ అత్తే కుర్చీ వేసింది.

"పెద్దోనివి, పదేపదే ఎందుకొస్తవ్? కనవడకపోతే నువ్వు మాత్రం ఏం జేస్తవ్?" అంది బాపుతో.

బాపు నా వైపు చూడలేదు. నిజం నేను చెప్పాల్సిన సమయం అది. నేను గ్లాసులో నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్తుంటాం. మణికట్టు పూర్తిగా తిరగడం లేదని, పత్తి ఒక్క చేత్తోనే ఏరుతున్నానని మొన్న ఆ కోడలు చెప్పింది. నాకు ముందే తెలుసన్న సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.