పడిపోయే స్విచ్

సీసాలు కడిగే షెడ్డులో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. సగం జీవితం ఆ తడి నేల మీదే గడిచింది. పాచి పట్టిన కాలువ, పులిసిన సబ్బునీళ్ల కంపు, వేళ్ల సందుల్లో ఒరుపులు, అన్నీ అలవాటే. కడిగే యంత్రం ముట్టుకుంటే చేయి చిమచిమలాడటం కూడా మిగతావాళ్లకు అలవాటైపోయింది. కొత్తగా చేరినవాళ్లు ఉలిక్కిపడితే, "మీ ఆయన గిల్లాడనుకో" అని పడీపడీ నవ్వేవారు. పెద్దక్కకు ఆ నవ్వంటేనే రోత.

షెడ్డు సూపర్‌వైజరు స్వయానా ఆమె మరిది. చెప్పి చూసింది.

"కరెంటన్నాక కాస్త చిమచిమలాడదా వదినా? చెక్క మీద నిలబడి చేసుకోండి" అన్నాడతను, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

ఆ చెక్కలు ఎప్పుడో నాని కుళ్లిపోయాయి. ఒక ఉదయం అతని భార్యే, అంటే పెద్దక్క తోడికోడలే, ఒక చేత్తో యంత్రాన్నీ రెండో చేత్తో నీళ్ల పైపునూ పట్టుకుని కొయ్యబారిపోయింది. నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు. పెద్దక్క ఆమెను ముట్టుకోలేదు. గోడ దగ్గరికి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేసింది. తోడికోడలు మురికినీళ్లలో కూలబడి భళ్లున కక్కుకుంది. బతికింది. అరచేయి మాత్రం కాలి తెల్లగా పాలిపోయింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ మీది పెట్టె మూత విప్పాడు. పైన నిగనిగలాడే కొత్త రంగు. లోపల బొద్దింకల పెంట, జిడ్డు, ఎలుకలు కొరికిన తీగలు. కరెంటు లీకైతే తనంతట తానే పడిపోవాల్సిన స్విచ్‌ను తప్పించి, పక్కనుంచి తీగ లాగేసి ఉంది.

"ఇదెవరు చేయించారు?"

మరిది గొంతు సవరించుకున్నాడు. "మాటిమాటికీ పడిపోయి పని ఆగిపోతోందని... నేనే."

పెద్దక్క అతని ముందుకొచ్చి నిలబడింది. "ప్రమాదముందని ఆ స్విచ్ మొత్తుకుంటుంటే, దాని నోరు నొక్కి పైన రంగు పూశావట్రా? ఛీ!"

మెయిన్ కింద స్టూలేసుకుని కూర్చుంది. బాగుచేసేదాకా ఎవర్నీ దాని జోలికి రానివ్వలేదు. ఆడవాళ్లంతా చేతులు తుడుచుకుని వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. సాయంత్రానికల్లా తీగలు మారాయి, స్విచ్ మళ్లీ పనిలోకొచ్చింది.

మర్నాడు యజమానికి పెట్టె చూపిస్తూ, "మనవాళ్ల ప్రాణాలకన్నా ఎక్కువేముంది సార్!" అన్నాడు మరిది. యజమాని అతని భుజం తట్టాడు. పెద్దక్క కాలువలోకి కాండ్రించి ఉమ్మేసింది.

తోడికోడలి చేయి మానేదాకా రోజూ వెళ్లి అన్నం కలిపి తినిపించింది. మరిది అందించిన మంచినీళ్లు మాత్రం ఏనాడూ ముట్టలేదు.