నూట ఇరవై ఓములు

సరిహద్దు కొండల్లోని ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై. మైనస్ పద్నాలుగు. ఆరు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు: రెండు బ్యాటరీలు, మల్టీమీటరు, తీగచుట్ట, పొడి మేజోళ్లు. పోస్టంటే మూడు రాతి బంకర్లు, పైన రేకులు, రేకుల మీద మంచు. పదకొండు మందిమి. ఫోను, రేడియో నా బాధ్యత.

నాతో వచ్చిన లైన్‌మ్యాన్‌ది న్యాల్‌కల్ మండలం. మాది ఝరాసంగం దగ్గర. ఇంత దగ్గరివాళ్లం, కలుసుకున్నది మాత్రం ఆ మంచులో. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. అన్నా అని పిలిచేవాడు. అతని భార్య జహీరాబాద్‌లో బట్టలు కుట్టేది. అతని దుప్పటి అంచులు ఆమె కుట్టినవే. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

పోస్టు నుంచి కింది క్యాంపుకు ఫోను లైను రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. జంట తీగ. మధ్యలో ఒక మంచు వాలు దాటాలి. పొద్దున పదకొండు తర్వాత ఆ వాలు మీద ఎవరూ ఉండకూడదని ఆర్డరు. ఎండ తగిలితే పైనున్న మంచు వదులవుతుంది.

నలభై మూడో రోజు ఫోను మూగబోయింది. మూడు రోజుల మంచు ముసురు అప్పుడే విడిచింది. రేడియో బ్యాటరీలు చలికి నీరసించాయి, ఒకటి రెండు మాటలకు మించి వాడొద్దన్నారు.

పది గంటల పది నిమిషాలకు లైనుకు మీటరు పెట్టాను. దీని వెనక లెక్క చిన్నది. జంట తీగలు ఎక్కడైనా ఒకదానికొకటి తాకితే, కరెంటు అక్కడిదాకా పోయి తిరిగొస్తుంది. పోయే తీగ నిరోధం, వచ్చే తీగ నిరోధం ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టే, కలిపేయాలి. మా తీగకు రానూపోనూ వంద మీటర్లకు పది ఓములు. మీటరు నూట ఇరవై చూపించింది. అంటే పన్నెండు వందల మీటర్లు. సరిగ్గా వాలు నడుమ.

పోస్ట్ కమాండర్ సుబేదారు సాబ్ గడియారం చూసుకుని, లైన్‌మ్యాన్‌ను రేపు పొద్దున్నే పంపుదామా అని అడిగారు. చోటు తెలిసిపోయింది సాబ్, పదకొండులోపే వాలు మీంచి వచ్చేస్తాడు అన్నాను.

లైన్‌మ్యాన్ బూట్ల తాళ్లు బిగిస్తూ అడిగాడు. "అన్నా, ఆర్నూరు మీటర్ల కాడి జాయింటు ముందు ఇప్పి చూద్దామా? మొన్న టేపు తడిసినట్టుండె."

అది రెండు తీగచుట్టలు కలిసే అతుకు. టేపు విప్పి, కొలిచి, మళ్లీ చుట్టాలంటే గంట పడుతుంది. పదకొండు దాటిపోతుంది. "వచ్చేటప్పుడు చూడు" అన్నాను.

తోడుగా ఒక జవాను వెళ్లాడు. ఇద్దరి దగ్గరా చెరొక రేడియో. వాలు అంచున నిలబడి కొండవైపు చూస్తుండడం అతని పని. పది యాభై నాలుగుకు రేడియోలో లైన్‌మ్యాన్ గొంతు.

"అన్నా, ఈడ తీగ మంచిగనే ఉంది. ఏం కనవడ్తలేదు."

"అక్కడ్నే ఉంటది. ఇంకో అయిదు నిమిషాలు చూసి రా."

"సరే అన్నా. చూస్త."

పది యాభై ఎనిమిదికి జొన్నల బస్తా కుమ్మరించినట్టు ఒక చప్పుడు. అంతే. తర్వాత రేడియోలో అంచున ఉన్న జవాను ఏడుపు.

సాయంత్రం నాలుగున్నర దాకా వెతికాం. దొరకలేదు. బంకరుకు వచ్చి, చేయడానికి ఏమీ లేక మళ్లీ మీటరు పెట్టాను. వాలు మీద లైను తెగిపోయిందని కళ్లారా చూశాను. తెగిన లైనులో కరెంటుకు దారి ఉండదు, ముల్లు కదలకూడదు. కదిలింది. నూట ఎనభై దగ్గర ఆగింది.

లైను తెగినా కరెంటు తిరిగొస్తోందంటే, వాలుకు ఇవతలే ఇంకో దారి ఉంది.

మర్నాడు పొద్దున జాయింటు దగ్గరికి నేనే వెళ్లాను. టేపు కింద నీళ్లు, తుప్పు. రెండు తీగల మధ్య కరెంటు కారుతోంది, కొలిస్తే నూట ఇరవై ఓములు. అక్కడిదాకా తీగ అరవై. మొత్తం నూట ఎనభై. తర్వాత కింది క్యాంపు వాళ్లు వాలుకు అవతల అసలు లోపం కనిపెట్టారు. పద్దెనిమిది వందల మీటర్ల దగ్గర రాళ్ల కింద తీగలు నలిగి అతుక్కున్నాయి. జాయింటు నుంచి అక్కడికి తీగ నిరోధం కూడా నూట ఇరవయ్యే. పక్కపక్కన రెండు దారులు, చెరొక నూట ఇరవై. కరెంటు సగం సగం పంచుకుంటుంది, రెండూ కలిసి అరవైతో సమానం. ముందున్న అరవై కలిపితే నూట ఇరవై. మీటరు అబద్ధం చెప్పలేదు. ఒక్కటే దారి ఉందనుకున్నది నేను. పన్నెండు వందల మీటర్ల దగ్గర ఏ లోపమూ లేదు.

సుబేదారు సాబ్‌కు అంతా చెప్పాను. ఆర్డరు ఇచ్చింది తానేనని ఆయన అన్నారు. రిపోర్టులో మంచు వల్ల ప్రమాదం అని రాశారు. నా లెక్క ప్రస్తావన అందులో లేదు.

మూడో రోజు మంచు కింద లైన్‌మ్యాన్ దొరికాడు.

తొంభై రోజులకు కిందికి దిగాను. సెలవులో జహీరాబాద్ వచ్చి, నాలుగు రోజులు అతని భార్య కుట్టు దుకాణం ముందు నుంచే పోయాను. అయిదో రోజు లోపలికి వెళ్లాను. ఆమె మిషను ఆపి, కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. అతని సామాన్ల పెట్టె వచ్చిందని, అన్నీ సరిచూసుకున్నానని చెప్పింది.

"చేతి తొడుగుల్ల ఒక్కటే వచ్చింది అన్నా. ఇంకోటి యాడ పోయింది?"

"తీసిండమ్మా. తొడుగుంటే తీగ యాడ నలిగిందో చేతి ఏళ్లకు తెల్వది."

"దొరికిందా, నలిగిన కాడ?"

"ఆడ నలగనేలేదు. లెక్క నాది తప్పింది. జాయింటు చూద్దామని ఆయన అన్నడు. నేనే ఇనలే."

ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది కానీ తిప్పలేదు. నేను లేచి వచ్చేశాను.

ఆర్మీ నుంచి వచ్చేసి, ఇప్పుడు జహీరాబాద్‌లోనే బోరు మోటార్లు రిపేరు చేస్తున్నాను. మంచు ఎట్లుంటదని నా దుకాణానికి వచ్చినవాళ్లు అడుగుతారు. చల్లగుంటది అంటాను. నాకు కనిపించేది మంచు కాదు. తవ్వినప్పుడు ముందుగా బయటపడిన కుడి చెయ్యి. తొడుగు లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ బిగిసి ఉంది. ఆ వేళ్లను విడదీసింది నేనే.