నాలుగు నెలల యాభై రెండు

మా తమ్ముడి కూతుర్ని మైదానంలో అందరూ తూనీగ అంటారు. నేను అదే మైదానంలో పరుగు బాట మీద సున్నం గీతలు గీసే పని చేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా గీస్తున్నాను కాబట్టి ఎవరి కాలు ఎలా పడుతోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళప్పుడు ఈ పిల్ల నాకు భోజనం డబ్బా తెచ్చి, ఊరికే ఉండలేక ఒక చుట్టు పరిగెత్తింది. కోచ్ సారు కంట్లో పడింది. అప్పట్నించీ ఏడేళ్ళుగా రెండు చుట్ల పందెమే దాని లోకం.

సారు చెడ్డవాడేం కాదు, మొండివాడు. ఆయనకొక పద్ధతి ఉంది. పిల్లలు పొద్దున మంచం దిగకముందే నిమిషం పాటు నాడి లెక్కపెట్టుకుని నోటుబుక్కులో రాయాలి. మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువుంటే ఒళ్ళు అలిసినట్టు, ఆ రోజు సెలవు. పద్ధతి మంచిదే. కానీ సెలవు తీసుకున్న పిల్లను మిగతావాళ్ళు చూసే చూపు ఏ బుక్కులోనూ రాయరు. తూనీగ నాలుగు నెలలు వరసగా యాభై రెండు అనే రాసింది. సారు ఆ బుక్కు అందరికీ చూపించి, "క్రమశిక్షణంటే ఇదీ!" అని మురిసిపోయాడు. రోజూ ఒకే అంకె వస్తే అనుమానం రావద్దూ? ఆయనకు రాలేదు.

నాకొచ్చింది. కాలు బరువుగా పడుతోంది, మాట చిరాగ్గా వస్తోంది, గెలిచిన రోజు కూడా మొహంలో కళ లేదు. జాతీయ జట్టు ఎంపిక పందేనికి రెండు రోజుల ముందు, సామాన్ల గదిలో అది గోడకానుకుని కూర్చుని ఉంటే, కబుర్లు చెబుతున్నట్టే దాని మణికట్టు పట్టుకున్నాను. కూర్చుని గంటైంది, అయినా డెబ్బై ఎనిమిది.

"నిజం రాస్తే సెలవిస్తారత్తా. సెలవిస్తే వెనకబడిపోతా."

"ఇప్పుడు ముందున్నావా?"

అది భోరున ఏడ్చింది. "పరుగంటేనే అసహ్యమేస్తోందత్తా. అదీ పోతే నాకేం మిగుల్తుంది?" ఎంపిక సంగతి దేవుడెరుగు, పిల్లకి పరుగే చేజారిపోతోంది.

మర్నాడు పొద్దున బుక్కులో ఎనభై అని రాసి సారు చేతిలో పెట్టింది. రేపు పరిగెత్తనని చెప్పేసింది.

సారు మండిపడ్డాడు. "ఎంపిక రేపు పెట్టుకుని ఇవాళా చెప్పేది? పట్టుదల లేనివాళ్ళు నాకొద్దు."

బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మా తమ్ముడు పనిబట్టలతోనే వచ్చి, "ఒక్కరోజు ఓర్చుకో తల్లీ, ఒక్కటంటే ఒక్కరోజు" అని బతిమాలాడు.

"పట్టుదల తక్కువై కాదు నాన్నా, ఎక్కువయ్యే ఇలా తగలడ్డాను. ఇంజను కాగిపోతే నువ్వేం చేస్తావ్? పట్టుదల లేదని తిడతావా?"

తమ్ముడు చేతికంటిన గ్రీజు చొక్కాకి తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. నేనే ముందుకొచ్చాను. "నాలుగు నెలలు ఒకే అంకె కనబడుతుంటే మీ కళ్ళేం చేస్తున్నాయి సారూ?" అని అడిగేశాను. ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకున్నాను. ఊడలేదు.

దాని చోట ఇంకో అమ్మాయి ఎంపికైంది. తూనీగ ఇంట్లో తింది, పడుకుంది, అందరితో పోట్లాడింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకుందని వీధంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ, వాళ్ళ ముక్కు, వాళ్ళ వేలు.

తొమ్మిది వారాల తర్వాత ఒక సాయంత్రం తనంతట తనే మైదానానికొచ్చి బూట్లు కట్టుకుంది. సారు ఆశ ఆపుకోలేక స్టాప్‌వాచ్ తీశాడు.

"అది నొక్కితే ఆగిపోతా," అంది.

ఆయన సరేనన్నాడు. కానీ అది బయల్దేరగానే అలవాటు చొప్పున వేలు నొక్కేసింది. టిక్కుమంది. పది అడుగులు వేసిన పిల్ల ఆగి, వెనక్కి నడిచొచ్చి, మళ్ళీ గీత దగ్గర నిలబడింది. తెల్లారేదాకా అయినా అలాగే నిలబడేట్టుంది.

సారు వాచీ మెడలోంచి తీసి నా సున్నం బండిలో పడేశాడు. "ఇప్పుడు పరిగెత్తవే తల్లీ!"

రెండు చుట్లూ ఎంతలో పూర్తిచేసిందో మాకెవరికీ తెలియదు. చాలన్నట్టు సారు చెయ్యెత్తాడు. తూనీగ ఆయన్ని దాటుకుని మూడో చుట్టులోకి వెళ్ళిపోయింది.