పూజలో పెట్టిన రాగి సుత్తె

నా చిన్నప్పుడు దసరా అంటే తోటి పిల్లలకు కొత్త బట్టలు, పిండివంటలు. నాకు మాత్రం దొర ఉండే గడి వెనక కారు కొట్టంలో గ్రీజు వాసన, మాటా మంతీ లేకుండా చెరో మూల కూర్చున్న మా తాత, మా అవ్వ. కొల్లాపూర్ దగ్గర మా ఊరు. తెలంగాణ వచ్చాక మా జిల్లా పేరే మారింది, గడి సగం కూలింది, కొట్టం ఉన్న జాగాలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు. అయినా దసరా నాడు పొద్దు వాలుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

తాత మా ఊరి దొర దగ్గర డ్రైవరు. దొరకు ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించుకున్న కారు ఒకటుండేది. పందేల్లో ఉరికించే రకం. ఎర్రగా, నేలబారుగా, కప్పు లేకుండా ఉండేది, ఇద్దరే కూర్చోవాలి. సైకిలుకున్నట్టు చక్రాలకు సన్నటి పుల్లలు. ఒక్కో చక్రాన్ని పట్టి ఉంచేది నడుమనున్న ఒకే ఒక పెద్ద నట్టు. దానికి రెండు రెక్కలు. రెక్క మీద సుత్తెతో కొడితేనే అది బిగుస్తుంది. ఇనుప సుత్తె అయితే రెక్క చెడుతుందని రాగి సుత్తెను కారుతోపాటే పంపారట. తాత దగ్గర నట్లు విప్పే పానాలు, గ్రీజు గన్ను, ప్లగ్గు సందు కొలిచే పలచటి రేకులు, ఇంకా ఏవేవో ఉండేవి. వాటన్నిటినీ నన్ను ముట్టుకోనిచ్చేవాడు, ఆ సుత్తెను తప్ప.

నేను పుట్టకముందు ఒక దసరా నాడు దొర ఆ కారులోనే చచ్చిపోయాడు. పండుగని తాత పొద్దున్నే చక్రాలు విప్పి, కడిగి, లోపల గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించాడు. చివరి చక్రానికి నట్టు చేత్తో తిప్పి సుత్తె కోసం చూస్తే, అవ్వ దాన్ని అప్పటికే పూజలో పెట్టేసింది. మా వైపు దసరాకు పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాక మర్నాటి దాకా ఎవరూ ముట్టరు. ముడితే ఆ పనిముట్టు రక్తం చూస్తుందని అవ్వ నమ్మకం. తాత చెయ్యి చాపాడు, అవ్వ కసిరింది, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పండుగపూట బండి ఎవరు తీస్తారులే అనుకున్నారు. సాయంత్రం దొర ఎవరికీ చెప్పకుండా తానే నడుపుకుంటూ జమ్మిచెట్టు దగ్గరికి బయలుదేరాడు. కృష్ణా నది వైపు దిగే వాలులో ఆ చక్రం ఊడిపోయింది.

పూజలో ఉన్నదాని మీదికి చెయ్యి చాపినందుకే అట్లయిందని అవ్వ. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నందుకే అయిందని తాత. అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే తగవు, అదీ అరుపులూ కేకలూ లేని తగవు. తాతకు చక్రం దొర్లుతున్న చప్పుడు వినిపించేది. అన్నం తింటూ తింటూ ముద్ద ఆపి, "ఇన్నవా బిడ్డా?" అని నన్ను అడిగేవాడు. లేదని చెబితే ఆయన మొహం చూడలేనని, విన్నాననే చెప్పేదాన్ని. కొన్నాళ్లకు నాకూ వినిపించడం మొదలైంది.

దొరసాని ఆ కారును బాగు చేయించిందే కాని అమ్మలేదు. కొడుకు పెద్దయ్యేదాకా చెడిపోకుండా చూడమని తాతకే అప్పగించింది. ఎవరూ ఎక్కని ఆ బండికి తాత నూనె మార్చేవాడు, ప్లగ్గులు తుడిచేవాడు, కాసేపు ఇంజను తిప్పి ఆపేవాడు. చూసేవాళ్లకు పిచ్చి పట్టిందనిపించేది. నాకూ కొంచెం అలాగే అనిపించేది.

హైదరాబాదులో చదువుకునే ఆ కొడుకు ఒక దసరాకు వచ్చాడు. ఆ పొద్దున కూడా తాత చక్రాలకు గ్రీజు పెట్టి, అన్నీ బిగించాకే పనిముట్లు అవ్వకు ఇచ్చాడు. సాయంత్రం చిన్నదొర కొట్టంలోకి వచ్చి తాళంచెవి అడిగాడు. జమ్మి దగ్గరికి పోతాడట. తాత అడ్డం వచ్చాడు.

"రేపు పోదురు దొరా, ఇయ్యాల వద్దు" అన్నాడు.

"మా నాయిన బండి. పండుగనాడు గాక ఇంకెప్పుడు తీస్త?" అని ఆ పిల్లవాడు నవ్వుతూ తాళంచెవి అందుకుని వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

గ్రీజు పెట్టి ఎక్కించిన చక్రం బండి కదిలే ముందు మళ్లీ ఒక దెబ్బ తినాలి, అది తాత నియమం. సుత్తె ఎదురుగానే ఉంది, కుంకుమ బొట్టుతో. ఇన్నేళ్లూ తనదే నిజమన్న మనిషి, తీరా ఆ గడియ వచ్చేసరికి దాన్ని ముట్టలేకపోయాడు. అవ్వ మాటే నిజమైతే? తాను ముట్టినందుకు ఈ పిల్లవాడు కూడా పోతే? చాపిన చెయ్యి గాలిలోనే ఆగిపోవడం నేను చూశాను. నాకు ఏడుపు వచ్చింది.

మూలన కూర్చున్న అవ్వ లేచింది. సుత్తెకు దండం పెట్టుకుని, రెండు చేతులతో తీసి తాత చేతిలో పెట్టింది.

"పాపం నాకే రానియ్యి. కొట్టు" అంది.

తాత కొట్టాడు. మూడు నట్లు కదల్లేదు. నాలుగోది దెబ్బకు జరిగింది, వేలెడు దూరం. మళ్లీ కొట్టాడు, ఇక కదల్లేదు. పొద్దున బిగించినా అది వదులుగానే ఉందన్నమాట. బండి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. మేము ముగ్గురం గడి అరుగు మీద కూర్చున్నాం. నేను ఏ చప్పుడు వినిపిస్తుందోనని చెవులు మూసుకున్నాను.

చీకటి పడకముందే చిన్నదొర తిరిగొచ్చాడు. దిగి, జమ్మి ఆకు చేతిలో పెట్టి తాతను కౌగిలించుకున్నాడు. తాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అవ్వ మాత్రం చక్రం దగ్గర కూలబడి, ఆ రెక్కను నిమురుతూ, "గింతే పనా? గింత పనికి గా దొర పాయెనా?" అని తనలో తానే అనుకుంటూ ఉండిపోయింది. ఆ నాటి నుంచి తాత హాయిగా నిద్రపోయాడు. అవ్వకు మాత్రం కంటి మీద కునుకు లేకుండా పోయింది.

నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి అడిగాను, సుత్తె ఇచ్చేటప్పుడు నీ మాటే తప్పని తేలుతుందని అనుకోలేదా అని. "ఎరికే బిడ్డా. పోరడు బతకాలె గద" అంది.

అవ్వ మాట నిజం కావాలంటే ఆ పిల్లవాడు చావాలి. పిల్లవాడు బతికితే, ఆనాడు సుత్తె ముట్టనియ్యనందుకు దొర చావు ఆమె మీద పడుతుంది. చదువు రాని మా అవ్వ ఆ క్షణంలో ఈ రెండూ చూసుకుని సుత్తె అందించింది. నేను పంతం మనిషిని, ఇంట్లో అందరికీ తెలుసు. కాని ఎవరితోనైనా వాదానికి దిగి, చివరికి నాదే నిజమని తేలాలని మనసు కోరుకున్నప్పుడల్లా, అలా తేలితే ఎవరికి ఏమవుతుందోనని ఆలోచిస్తాను. అప్పుడు వాదన వదిలి, వాళ్లకు కావలసింది తీసి చేతికిస్తాను.