వంక గట్టున జరిగిన సభ

కర్ణాటక అంచున చాకవేలు దాటి బాగేపల్లి వైపు వస్తుంటే ఎడమచేతికి ఒక మట్టిదారి విడిపోతుంది. దాని చివర ఉన్నదే నల్లగుట్టపల్లి. లక్ష్మీదేవమ్మ ఆ ఊరికి కోడలై వచ్చి ముప్పై ఏడేళ్ళయింది. ఆమె పుట్టిల్లు చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. అక్కడి కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. అందుకే పుట్టినప్పటినుంచి మాట్లాడే తెలుగును చదవలేదు కానీ, కన్నడాన్ని మాత్రం అక్షరం కింద వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతుంది.

భర్త వెంకటరమణప్ప నెమ్మదస్తుడు. పది మాటలు అడిగితే ఒక మాట బదులు చెప్పే మనిషి. రెండెకరాల టమోటా తోట ఆయనది, రెండు సీమావులు ఆమెవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలక్యాను నెత్తిన పెట్టుకుని డైరీకి పోవడం ఆమె పని. ఊరికీ డైరీకీ మధ్య ఒక వంక ఉంది. ఎండాకాలమంతా అందులో మేకలు పడుకుంటాయి. వానలు పడితే మోకాటి లోతు నీళ్ళు పారతాయి, అడుగునున్న రాళ్ళకు పాచి పడుతుంది. మగవాళ్ళకు ఆ బాధ లేదు. మోటారు బండ్లెక్కి తారు రోడ్డు మీద మైలున్నర చుట్టు తిరిగి వస్తారు. ఆడవాళ్ళే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వంకలో దిగుతారు.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. పక్కింటి ముసలామె చిక్కమ్మ వంకలో జారి పడింది. ఎముక విరగలేదు కానీ మోకాలు గుమ్మడికాయంత వాచింది. పాలన్నీ నీళ్ళలో కలిసి తెల్లగా పారుతుంటే, లేవదీయడానికి వచ్చిన వాళ్ళతో "నన్ను కాదే, ముందు క్యాను పట్టుకోండి!" అని అరిచింది. మూత మాత్రం పోయింది. దొరకనే లేదు.

ఇది జరిగిన నాలుగో రోజు పొద్దున, లక్ష్మీదేవమ్మ ఆవులకు సొప్ప వేస్తుండగా పంచాయితీ బిల్ కలెక్టర్ చంద్రు బండి దిగి, చంకలో పెద్ద పుస్తకంతో వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఒక సహి వేస్తే పోతాను. ఇంకా నలభై ఇండ్లు తిరగాల."

"దేనికప్పా సహి?"

"గ్రామసభెకి."

"ఎప్పుడుండాది సభె?"

"అయిపోయిందిలేమ్మా. నిన్ననే."

ఇన్నేళ్ళుగా చంద్రు పుస్తకం చాపితే ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టేది, అంతే. ఆ రోజు ఎందుకో పుస్తకం తీసుకుని అరుగు మీద కూర్చుంది. హాజరైన వాళ్ళ పేర్ల వరసలో తన పేరు కనబడింది. ఇంకో పేజీ తిప్పి, వేలు పెట్టి చదవసాగింది. ఊరి ముందర స్వాగత కమాను కట్టించడానికి సభలో ఉన్నవారందరూ సర్వానుమతంతో ఒప్పుకున్నారని అందులో ఉంది.

"ఒప్పుకున్నోళ్ళలో నేనూ ఉండానా చంద్రూ?"

"అందరూ ఉండారు కదమ్మా."

"నోరు తెరిచి ఒప్పుకున్నానా, ఊరికే తలకాయ ఊపినానా?"

చంద్రు బుర్ర గోక్కున్నాడు. లక్ష్మీదేవమ్మకు మొదట కోపం వచ్చింది, వెంటనే నవ్వు వచ్చింది. నవ్వే గెలిచింది. పుస్తకం మూసి అతని చేతిలో పెట్టి, "నేను సభెకొచ్చిన దినం వేస్తాలేప్పా. కాఫీ తాగి పో," అంది.

ఆ సాయంత్రం డైరీ దగ్గర పాలు పోసే వరసలో నిలబడి ఆ కబురు చెప్పింది. "మనమంతా నిన్న సభెకి పోయినామంట! ఊరికి కమాను కావాలని ఒప్పుకుని వచ్చినామంట!"

వరస మొత్తం గొల్లుమంది. "అయ్యో, నేను పోయినట్టు నాకే తెలీదే!" అని ఒకామె. "నాకి కుర్చీ ఇచ్చినారంటనా?" అని ఇంకొకామె. కుంటుకుంటూ వచ్చిన చిక్కమ్మ క్యానుకు ఆనుకుని, "ఏ చీర కట్టుకుని పోయినానంట? ఎర్రదా, పచ్చదా?" అని అడిగేసరికి, పాలు కొలిచే సెక్రెటరీ కూడా కొలత మరిచిపోయి నవ్వాడు.

నవ్వులాట నవ్వులాటగానే పోలేదు. మరుసటి రోజు చంద్రుకు ఆ వీధిలో ఒక్క సంతకమూ దొరకలేదు. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు, కూర్చోమన్నారు, "సభెకొచ్చి వేస్తాములేప్పా," అన్నారు. ఏడో ఇంటికి చేరేసరికి అతనికి కాఫీ గొంతుదాకా వచ్చింది. తిరిగి లక్ష్మీదేవమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నా పరిస్థితి చూడమ్మా. కొత్త పీడీఓ మేడం వచ్చుండాది. సహీలు యాడ అంటే నేనేమి చెప్పేది?"

"నువ్వేమీ చెప్పొద్దు. మేమే వచ్చి చెప్తాము," అంది ఆమె.

అన్నదే గానీ, పంచాయితీ ఆఫీసు గడప ఆమె రెండే సార్లు తొక్కింది, రెండుసార్లూ రేషన్ కార్డు కోసమే. పొద్దున భర్తను అడిగింది, పోవాలా వద్దా అని. వెంకటరమణప్ప టమోటా గంపలు సర్దుతూ, "పో. ఆవుల్ని నేను చూసుకుంటా," అన్నాడు. ఆయన లెక్కన అది పెద్ద ఉపన్యాసం.

నలుగురు ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని పోయారు. కొత్త పంచాయితీ అభివృద్ధి అధికారి వినుత ముప్పై ఏళ్ళ అమ్మాయి. మైసూరు వైపు నుంచి వచ్చి మూడు వారాలే అయింది. తెలుగు అర్థం కాదు. లక్ష్మీదేవమ్మ కన్నడంలో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి జారి, మళ్ళీ కన్నడంలోకి ఎక్కి, వంక సంగతీ పుస్తకం సంగతీ చెప్పి, కమాను కాదు, వంక దాటడానికి మోరి, అంటే చిన్న వంతెన, కావాలంది. వినుత ముఖం ఎర్రబడింది. ఈ ఊళ్ళో సభ పెడితే ఎవరూ రారని, ఎప్పుడూ ఇట్లాగే జరుగుతుందని తనకు చెప్పారని కన్నడంలో ఒప్పుకుంది.

"పగలు పదకొండుకి పెడితే ఎవరొస్తారు మేడమ్మా? గడ్డి కోసే పొద్దది. పొద్దన్నే ఎనిమిదిన్నరకి, పాలు పోసినాక, డైరీ ముందర పెట్టండి. ఎట్లా రారో చూస్తాము," అని లక్ష్మీదేవమ్మ తన కన్నడంలోనే చెప్పింది.

వినుత పాత కాగితాలు పక్కన పెట్టి, క్యాలెండరు దగ్గరికి జరుపుకుని, కొత్త తేదీ రాసింది.

ఆ రోజు డైరీ ముందు ఒక షామియానా, యాభై కుర్చీలు వేశారు. వచ్చిన వాళ్ళు నూట అరవై మంది. ఆడవాళ్ళు పాలు పోసి, ఖాళీ క్యాన్లతోనే వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. ఆలస్యంగా వచ్చిన మగవాళ్ళు కుర్చీల్లేక బండ్ల మీదే కూర్చున్నారు. అందరికీ వండిన ఉప్పిట్టు, అదే ఉప్మా, వాసన ఊరంతా కమ్మేసింది. పెళ్ళికి వచ్చినట్టే ఉందని చిక్కమ్మ పచ్చ చీర సవరించుకుంది.

ముందుగా ఊరి మెంబరు అమరనాథ్ లేచాడు. నలభై ఐదేళ్ళ మనిషి, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కీడు జరిగినా మొదట వచ్చేది అతనే. అయితే కమానంటే అతనికి పిచ్చి. రంగుల బొమ్మ విప్పి పట్టుకుని, రెండు స్తంభాల మీద రెండు సింహాలు ఎట్లా ఉంటాయో, అంత దూరం నుంచే ఊరి పేరు ఎట్లా కనబడుతుందో చెప్పాడు. బాగానే చెప్పాడు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత మైకు లక్ష్మీదేవమ్మ చేతికి వచ్చింది. ఆమె లేచి నిలబడింది. పొలంలో ఈ కొస నుంచి పిలిస్తే ఆ కొసన ఉన్న భర్త తిరిగి చూసేంత గొంతు ఆమెది. ఆ గొంతు ఇప్పుడు పెగల్లేదు. మైకులో ఆమె ఊపిరి మాత్రం బుస్సుబుస్సుమని వినబడింది. ఎదురుగా అంతమంది ముఖాలు. రాత్రి అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "వంక..." అంది. ఇంకో మాట రాలేదు. మైకు కుర్చీలో పెట్టేసింది.

అమరనాథ్ నవ్వుతూనే, మర్యాదగానే అన్నాడు. "వంకకేమి అమ్మా, రాళ్ళుండాయి కదా. నాలుగడుగులు వేస్తే ఆ గట్టు. దానికి మోరి ఎందుకు?"

ఆ మాటతో ఆమెకు గొంతు వచ్చింది. మైకు అవసరం లేకుండానే వచ్చింది.

"నాలుగడుగులేనా? అయితే రాప్పా. యాడో లేదు, ఈ పక్కనే ఉండాది. రండి మేడమ్మా, అందరూ రండి. సభె ఆడ పెడదాము!"

సభ లేచింది. నూట అరవై మంది, కొందరు కుర్చీలు చేత పట్టుకుని, కొందరు ఉప్పిట్టు ఆకులు చేత పట్టుకుని, యాభై గజాల దూరంలో ఉన్న వంక గట్టుకు నడిచారు. చంద్రు హాజరు పుస్తకం నెత్తిన పెట్టుకున్నాడు, వంక నీళ్ళకు తడవకుండా.

లక్ష్మీదేవమ్మ తన క్యానును వంక నీళ్ళతో నింపి, మూత బిగించి, అమరనాథ్ ముందు పెట్టింది. "ఇది నెత్తిన పెట్టుకుని ఆ గట్టుకి పోయి రాప్పా. రోజుకి రెండు మార్లు మేము చేసేదే."

ఊరంతా చూస్తోంది. తప్పించుకునే దారి లేదు. అమరనాథ్ చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, క్యాను ఎత్తుకుని దిగాడు. మొదటి అడుగు బాగానే పడింది. రెండోదీ పడింది. మూడో అడుగులో రాయి కదిలింది. వంక నడుమ ఒంటికాలి మీద ఆగిపోయాడు. ముందుకు పోలేడు, వెనక్కి తిరగలేడు. రెండు చేతులూ క్యానుకే అంటుకుపోయాయి.

గట్టున నవ్వు లేచింది. లక్ష్మీదేవమ్మ నవ్వలేదు. ఆ రాయి ఎట్లా కదులుతుందో ఆమెకు తెలుసు. చీర దోపుకుని నీళ్ళ అంచుకు దిగింది.

"అమరనాథప్పా, కిందికి చూడొద్దు. నా మాట విను. ఎడమ కాలు జరుపు, ఇంకొంచెం... ఆడ బల్లపరుపు రాయి ఉండాది. తగిలిందా?"

"తగిలిందమ్మా."

"దాని మీద ఆనుకో. ఇప్పుడు కుడి కాలు. నల్ల రాయి తొక్కొద్దు, అది మోసగత్తె. దాని పక్కది. ఆఁ, అదే. చిన్నగా, చిన్నగా. అట్లే రా."

ఒక్కో మాటకు ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ అతను మళ్ళీ ఇవతలి గట్టుకే చేరాడు. క్యాను దించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత గట్టుమీద ఉన్న ఆడవాళ్ళ వైపు ఒకసారి, వంక వైపు ఒకసారి చూశాడు.

"మా అమ్మ ఇరవై ఏండ్లు ఇట్లే పోయిండాది," అన్నాడు. పీడీఓ వైపు తిరిగాడు. "మేడం, రాసుకోండి. మోరీనే మొదట."

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. వినుత చేతులెత్తమంది. బండ్ల దగ్గర నిలబడిన మగవాళ్ళతో సహా ఎత్తారు. ఆకు కింద పెట్టలేని వాళ్ళు ఆకుతో సహా ఎత్తారు. వినుత బోర్లించిన క్యాను మీద కూర్చుని, అక్కడే తీర్మానం రాసి కన్నడంలో చదివింది. చిక్కమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "మన మాటల్లో చెప్పమ్మా తల్లీ," అంది. వినుత ఇబ్బందిగా నవ్వి, చంద్రు నోటి నుంచి ఒక్కో మాట అందుకుంటూ చెప్పింది. "వంక మీద... మోరి కట్టేది. అందరూ... ఒప్పినారు."

"నిజంగానే ఒప్పినాము!" అని ఎవరో అరిచారు. చంద్రు పుస్తకం చేతులు మారుతూ పోయింది. లక్ష్మీదేవమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, నిదానంగా, ఒత్తులన్నీ కనబడేట్టు తన పేరు రాసింది.

మోరి ఒక్క రోజులో లేవలేదు. ఇంజినీరు రెండుసార్లు వచ్చి కొలుచుకున్నాడు. వంక ఎండేదాకా ఆగారు. సిమెంటు పైపులు వచ్చి నెల రోజులు రోడ్డు పక్కన ఊరికే పడి ఉంటే, లక్ష్మీదేవమ్మ ప్రతి సోమవారం పంచాయితీ ఆఫీసుకు పోయి అడిగింది. మూడో సోమవారానికి ఆమె గొంతు వరండాలో వినబడగానే చంద్రు కుర్చీ తెచ్చి వేయడం మొదలైంది. ఆడవాళ్ళు వంతులు వేసుకుని పని దగ్గర నిలబడి, ఇసుక ఎంత కలుపుతున్నారో, నీళ్ళు పట్టారో లేదో చూశారు. మేస్త్రీ విసుక్కున్నాడు. తర్వాత వాళ్ళు తెచ్చే మజ్జిగకు అలవాటు పడి విసుక్కోవడం మానేశాడు.

మరుసటేటి మొదటి వానకు వంక నిండుగా పారింది. ఆ పొద్దున పాలు మోసుకుని ఆడవాళ్ళంతా ఒక గుంపుగా బయల్దేరారు. మోరి దగ్గరికి రాగానే అలవాటుగా అందరి చేతులూ కుచ్చిళ్ళ మీదికి పోయాయి. ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. చిక్కమ్మ అందరికంటే ముందు నడిచింది. నడుమ ఆగి, పిట్టగోడ మీదుగా వంగి, కింద పారుతున్న ఎర్రనీళ్ళను చాలాసేపు చూసింది.

ఇప్పుడు నల్లగుట్టపల్లిలో సభ అంటే పాలవేళే. పక్క పల్లెల ఆడవాళ్ళు కూడా తమ ఊళ్ళో సభ ఉన్నప్పుడు లక్ష్మీదేవమ్మను పిలిపించుకుంటారు. ఆమె పోయి ముందు వరసలో కూర్చుంటుంది. ఎక్కువ మాట్లాడదు. ఎవరైనా లేచి మాట రాక తడబడితే మాత్రం, "నిదానంగా చెప్పమ్మా, మాకేమీ తొందర లేదు," అంటుంది.

పోయిన నెల మంచేనహళ్ళి వైపు ఒక ఊరి నుంచి కబురు వచ్చింది. అంత దూరం ఎట్లా పోయేదని ఆమె తటపటాయిస్తుంటే, వెంకటరమణప్ప పాలచెంబు చేతిలో పట్టుకుని ఆవు దగ్గర కూర్చుంటూ అన్నాడు. "పొద్దన్నే ఏడుకి బస్సు ఉండాది. కిటికీ పక్కన కూర్చో, గాలి బాగొస్తుంది."

ఆమె ఎర్రంచు చీర కట్టుకుని, టిఫిను సర్దుకుని, ఏడు గంటల బస్సుకే పోయింది.