హారన్ మోగని వీధి

సాలూరులో మా వీధి లారీల మీద బతికే వీధి. ఇంటికో డ్రైవరో, మెకానిక్కో, పంక్చర్లు వేసేవాడో ఉంటాడు. ఏ హారన్ ఏ బండిదో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. అలాంటి వీధిలో ఐదు నెలల పాటు హారన్లు మోగకుండా చేసిన ఘనురాలిని నేనే. అంతకంటే పెద్ద పొరపాటు నా జన్మలో చేయలేదు.

అప్పుడు మా పాపకు తొమ్మిదేళ్ళు. మా ఆయనకు సొంత లారీ ఉంది, తనే నడుపుతాడు. లారీ వెనక్కి తీయాలంటే ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. క్లీనర్ దిగి, వెనక మూలన, డ్రైవరుకు అద్దంలో కనిపించేచోట నిలబడాలి. అరచేత్తో లారీ బాడీ మీద చరుస్తూ "రానీ, రానీ" అనాలి. గట్టిగా ఒక్క దెబ్బ చరిచి "ఆపు" అంటే బండి అక్కడే ఆగిపోవాలి. వెనక మనిషి లేకుండా వెనక్కి తీసేవాణ్ణి మా వీధిలో డ్రైవరుగా లెక్కపెట్టరు. మా క్లీనర్ పెద్దాయన, మా పాప ఆయన్ని తాతా అనే పిలుస్తుంది. ఆ రోజు ఆయన టీకి వెళ్ళాడు. రెండు గజాలే కదా అని మా ఆయన తనంతట తానే వెనక్కి తీశాడు. లారీ వెనక మా పాప తొక్కుడు బిళ్ళకు గళ్ళు గీసుకుంటోంది.

ఆ తర్వాతది ఎక్కువ రాయలేను. విజయనగరంలో ఆపరేషన్ చేశారు. తుంటికి ప్లేటు, తొడ ఎముకలో రాడ్డు. మా ఆయన ఆసుపత్రి వరండాలో కూర్చుని తన చేతులు తానే చూసుకునేవాడు. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. తిట్టాల్సినవన్నీ తిట్టాను, తిట్టకూడనివి కూడా తిట్టాను. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు.

ఎముకలు అతుక్కున్నాయి. పిల్ల కర్ర వదిలేసి నడిచింది. ఎక్స్‌రే చూసి డాక్టరు, ఇక బడికి పంపండి అన్నాడు. బడి మాట దేవుడెరుగు, అది గడప దాటలేదు. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించుకునే కూర్చునేది. అన్నం అలాగే తినేది, తలకు నూనె రాయించుకోవాలన్నా గోడ వదిలేది కాదు. వెనకనుంచి ఎవరైనా పలకరిస్తే కెవ్వున అరిచేది. పక్క తడిపేసి సిగ్గుతో పొద్దున్నంతా నా మొహం చూసేది కాదు. వాళ్ళ నాన్న పిలిస్తే పలికేది, దగ్గరికి మాత్రం వెళ్ళేది కాదు.

మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. "గుంట బెదిరిపోనాది. నెమ్మదిగా అదే సర్దుకుంటాది" అన్నారు.

నాకంత ఓపిక ఎక్కడిది? ఒకరోజు వీధిలో హారన్ మోగితే పిల్ల వణికిపోవడం చూశాను. దొరికింది కదా కారణం అనుకుని, కొంగు బిగించి వీధిలోకి వెళ్ళాను.

"ఈ రోజు కాడ్నించి ఈ వీధిలో హారన్ వినపడిందంటే సూడండి, అద్దాలు పగలగొట్టేస్తాను!"

పాపం, నా నోటికి భయపడి కాదు, పిల్ల మీద ప్రేమతోనే అందరూ విన్నారు. వీధి మొదట్లోనే జోరు తగ్గించి, లారీలను పిల్లుల్లా నడిపించుకుంటూ వచ్చేవారు. క్లీనర్లు "రానీ, రానీ" అనడం కూడా మానేసి చేతులు ఊపేవారు. అంతమంది మగాళ్ళ నోళ్ళు మూయించానని నేను లోలోపల మురిసిపోయాను. పిల్ల మాత్రం ఇంకా ముడుచుకుపోయింది. అంతకుముందు కిటికీ దాకా వచ్చేది, ఇప్పుడు అదీ మానేసింది. ఇది ఇక ఆ నాలుగు గోడల మధ్యే పెరుగుతుందా అని నాకు దిగులు పట్టుకుంది.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు ఎముకల డాక్టరు ముందు భోరుమన్నాను. ఆయన మమ్మల్ని పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. నా పిల్లకు పిచ్చి అంటున్నాడా అని నాకు మళ్ళీ కోపం. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "ఇది పిచ్చీ కాదు, పిరికితనమూ కాదమ్మా. పెద్ద దెబ్బ తగిలి ఆపరేషన్ అయిన పిల్లలకు ఇలా అవుతూ ఉంటుంది. ఒళ్ళు బాగుపడినా మనసు ఇంకా ఆ నిమిషంలోనే ఉండిపోతుంది" అంది.

తర్వాత పిల్ల ముందు బొమ్మల పెట్టె పెట్టింది. మా పాప ఒక బొమ్మ లారీ తీసింది. పెట్టె అంతా వెతికి ఒక మనిషి బొమ్మను తీసి లారీ వెనక నిలబెట్టింది.

"ఈయనెవరు తల్లీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"క్లీనర్ తాత. ఆ రోజు లేడు."

"ఇప్పుడు మీ వీధిలో లారీలంటే భయమా?"

"సెప్పకుండా వస్తన్నాయి. ఒక్కటీ సప్పుడు సెయ్యదు. ఎనకనుంచి ఎప్పుడొస్తాదో తెల్దు."

నాకు తల కొట్టేసినట్టయింది. హారన్‌కు అది ఉలిక్కిపడిన మాట నిజమే. కానీ మొదటినుంచీ దాన్ని గోడకు అంటించేసింది, వెనకనుంచి చెప్పకుండా ఏదో వస్తుందన్న భయం. నా బిడ్డను గుద్దిన లారీ చెప్పకుండా వచ్చింది. నేను వీధిలో లారీలన్నింటినీ అలాగే రప్పించాను.

డాక్టరమ్మ నన్ను తప్పుపట్టలేదు. తొందరపెట్టకుండా, పిల్ల ఎంత చాలంటే అంతే, హారన్ చప్పుడుకు కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ ముందుకు నడిపించమంది. అన్ని హారన్లూ ఒక్కసారే మొదలైతే పిల్ల బెదురుతుందని మిగతా లారీలను అలాగే ఉండమని, మర్నాటి నుంచి మా ఒక్క లారీతో పని మొదలుపెట్టాం. వీధి చివర మా లారీ, కిటికీ దగ్గర పాప, మధ్యలో అరుగు మీద క్లీనర్ తాత. పాప చెయ్యెత్తితే తాత సైగ చేస్తాడు, వాళ్ళ నాన్న హారన్ కొడతాడు. చెయ్యి దించితే ఆపేస్తాడు. మొదటిరోజు చెవులు మూసుకుని ఏడ్చింది. నాలుగోరోజు వరసగా ఆరుసార్లు చెయ్యెత్తింది. ఇంతలో ఎవరి షెడ్డులోనో టైరు పేలింది. రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. ఇక చాలు, మానేద్దాం అన్నాను. నెలల తరబడి నా ముందు నోరెత్తని మా ఆయన అప్పుడు మాట్లాడాడు.

"ఒసే, గుంట ఒగ్గేయలేదు. నువ్వొగ్గేయకు."

కిటికీ నుంచి గడప, గడప నుంచి అరుగు, అరుగు నుంచి వీధి. ఒక్కో అడుగుకు వారాలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున్న అది వాళ్ళ నాన్న ఎదుటికి వెళ్ళి నిలబడింది.

"నాన్నా, లారీ ఎనక్కి తియ్యి. నాను సెప్తాను."

నా పైప్రాణాలు పైనే పోయాయి. వద్దనబోయి నోరు నొక్కుకున్నాను. తాత దాని భుజం పట్టుకుని, అద్దంలో కనిపించే మూలన నిలబెట్టాడు. అది బాడీ మీద చిన్న చెయ్యి చరిచింది. "రానీ... రానీ... రానీ..." లారీ చీమలా కదిలింది. "ఆపు!"

ఆగింది. అంత లారీ మా పిల్ల మాటకు ఆగింది. మా ఆయన స్టీరింగ్ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. అది క్యాబిన్ కిందికి నడిచి వెళ్ళి తల ఎత్తి చూసింది.

"ఇంకెప్పుడూ ఎనకాల మనిషి లేకండా తియ్యకు, నాన్నా."

"తియ్యనమ్మా. నీ మీదొట్టు."

అప్పుడే ఎదురింటి వాళ్ళ లారీ, నా శాసనం ప్రకారం, సద్దు లేకుండా వీధి మలుపు తిరిగింది. మా పాప నడుం మీద చెయ్యి వేసుకుంది.

"హారన్ కొట్టు మావా! సెప్పి రా!"

ఎదురింటాయన బెదురుగా నా వైపు చూశాడు. నేను దానికంటే గట్టిగా అరిచాను. "కొట్టండి! ఎవడొద్దన్నాడు?"

కొట్టాడు. అది విని షెడ్డులోంచి ఇంకొకడు, ఆ పక్కన మరొకడు కొట్టారు. ఐదు నెలల బాకీ తీర్చుకున్నట్టు వీధి వీధంతా హారన్లు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చేశారు. మా అత్తగారు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. మా పాప వీధి నడిమధ్యన నిలబడి రెండు చేతులూ పైకెత్తి, ఇంకా కొట్టండి అని ఊపుతోంది.

నేను దాని వీపు వైపు చూశాను. వెనక గోడ లేదు.